మీటర్‌గేజి నీడ

దూది వీధిలో పరుపు కుట్టాలంటే ముందు నీడ చూసుకోవాలి. ఇళ్ళన్నీ అగ్గిపెట్టెలు. లోపల పరుపు పరిస్తే మనిషి నిలబడడానికి చోటుండదు. అందుకని పొద్దున టీ తాగడం కాగానే రహిమున్నీసా చాప, దబ్బనం, దారపు ఉండ, బూరుగ దూది మూట తీసుకుని వీధి చివరున్న పాత రైలు యార్డులోకి నడిచేది. ఆమె వెనకే మిగతా ఆడవాళ్ళూ వెళ్ళేవాళ్ళు. చిత్తూరు ఎండ మార్చి నెలకే మాడు పగలగొడుతుంది. మీటర్‌గేజి పట్టాలు పీకేశాక ఆ యార్డులో ఒక్క చెట్టు లేదు, ఒక్క కప్పు లేదు. కంకర, తుప్పు, జిల్లేడు పొదలు, అంతే. అయినా ఆ ఏడు ఉగాది నాటికి అక్కడ చల్లని చెట్ల నీడలు వచ్చి పరుచుకున్నాయి. చెట్లే ఇంకా రాలేదు.

ఇందుకు ఎవరూ నోరు వెళ్ళబెట్టలేదు. ఆ నేల పద్ధతే అంత. దానిమీదికి ఏది రావాలన్నా నీడ ముందు వస్తుంది, ఏది పోవాలన్నా నీడ ముందు పోతుంది. గూడ్స్ షెడ్డును కూలగొట్టడానికి కొన్ని నెలల ముందే దాని నీడ మాయమైతే, మామిడి గంపలవాళ్ళు ఎవరి చేతా చెప్పించుకోకుండా వేరే చోటు వెతుక్కున్నారు. కాబట్టి కంకర మీద కానుగ నీడ, వేప నీడ కనబడగానే ఆడవాళ్ళు ఏవో చెట్లు పెడతారు కాబోలు అనుకుని చాపలు వేసుకున్నారు. వేప నీడ నాదంటే నాదని రెండు రోజులు కొట్లాట కూడా అయింది. నగరి నుంచి పరుపు గుడ్డ తెచ్చి అమ్మే వరదమ్మ అందులో గెలిచింది. ఆమె గెలవని కొట్లాట ఆ వీధిలో ఇంతవరకు జరగలేదు.

వేసవి మధ్యలో మహిత అనే ఇంజనీరమ్మ మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చింది. యార్డు మొత్తాన్ని ఎండకూ వానకూ తట్టుకునే పచ్చని పేటగా మారుస్తామని చెప్పింది. వాననీళ్ళు నిలవడానికి నడుమ పెద్ద కుంట, నీళ్ళు ఇంకే ఇటుకల దారులు, తెల్ల సున్నం పూసిన మిద్దెలు, ఇంటింటికీ చెట్టు ఉంటాయంది. దూది వీధి వాళ్ళకు అందులోనే ఇళ్ళు ఇస్తామంది. ఆమె బాగా చదువుకున్న పిల్లే అయినా తెలివిగలది. కొత్త చోటికొచ్చి తన పెత్తనం చూపించకుండా, నీడ ఎక్కడ మొదలవుతోందో చూసి అక్కడ గూటాలు కొట్టించింది. కొలతలు వేసే పని సగం తగ్గిందని కూలివాళ్ళు సంబరపడ్డారు. ఆషాఢం వచ్చేసరికి ఇళ్ళ నీడలు కూడా దిగాయి. ఆడవాళ్ళు వాటిలో తిరిగి, ఇది వంటిల్లు, ఇది వాకిలి అని పంచుకున్నారు. రహిమున్నీసా తనకు రాబోయే ఇంటి నీడలో కూర్చుని ఓ పరుపు మొత్తం కుట్టింది. ఎంత హాయిగా ఉండిందంటే, మధ్యాహ్నం అక్కడే కునుకు తీసింది.

అయితే ఆ నేల చెట్లనీ ఇళ్ళనీ ఒకరకంగా, మనుషుల్ని ఒకరకంగా చూడదు. మనిషి పోయే ముందు కూడా నీడ పోతుంది. తన నీడ తనకు మాత్రం చివరిదాకా కనబడుతూనే ఉంటుంది, ఎదుటివాళ్ళకే కనబడదు. అలా ఎవరి నీడైనా పోయిందని తెలిస్తే దూది వీధి వాళ్ళు ఆ మాట ఆ మనిషికి చెప్పరు. చెప్పడం మహాపాపం. పూర్వం ఎప్పుడో గేటు కాసే కుప్పయ్యకు ఎవరో నోరు జారి చెప్తే, ఆయన ఉన్నచోటే కూలబడి, ముద్ద ముట్టకుండా పోయాడు. చెప్పినందువల్ల చావు ఆగలేదు సరికదా, మిగిలిన బతుకు కూడా లేకుండా పోయిందని అప్పటినుంచి అందరూ నోరు కట్టుకున్నారు. చెప్పడానికి బదులు మంచిగా ఉంటారు. పిలిచి టీ పోస్తారు, పాత తగాదాలు మరిచిపోతారు, ఇష్టమైన కూర వండి పంపుతారు.

రహిమున్నీసా మొగుడు కాశింవలి విషయంలో అదే జరిగింది. ఒకరోజు ఆయన అన్నం ముందు కూర్చుని, ఈమధ్య వీధంతా నన్ను నెత్తిన పెట్టుకుంటున్నారేమిటే అని మురిసిపోయాడు. ఆయన నీడ పోయిందని గమనించని ఆమె ఆ రోజు గట్టిగా నవ్వింది, మీలాంటి మంచివాణ్ణి ఇన్నాళ్ళకు గుర్తించారులెండి అంది. ఆ వారం దాటకముందే ఆయన గుండె ఆగిపోయింది. ఆ నవ్వు తలుచుకున్నప్పుడల్లా ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

కొడుకు అల్తాఫ్ పరుపుల పనిలోకి రాలేదు. రాళ్ళు పేర్చి గోడలు కట్టే బేల్దారి పని నేర్చుకున్నాడు. మంచి పనోడని పేరుంది. కొత్త పేటలో అన్నిటికంటే పెద్ద పని వాడి చేతికే వచ్చింది. పాత రైలు కట్ట మన్ను జారి కుంటలో పడకుండా కట్ట పొడుగునా నిలబెట్టే రాతిగోడ అది. చీకటితో పోయి, దీపాలు పెట్టాక వచ్చేవాడు. వాడి పెళ్ళాం ఇఫ్ఫత్ అత్త దగ్గరే ఉండి దూది ఏకేది. పెళ్ళయి చాలా ఏళ్ళయినా కడుపు పండలేదు. దాని గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. రహిమున్నీసాకు కోడలంటే ప్రాణం. కూతురు లేని లోటు ఈ పిల్లతో తీరిందని అందరితో చెప్పుకునేది.

వానలు ఇంకా పడకముందు, ఒక సాయంత్రం అల్తాఫ్ కాళ్ళు కడుక్కుని వచ్చి పళ్ళెం ముందు కూర్చున్నాడు. రహిమున్నీసా అన్నం పెడుతోంది.

"ఏందో మా, ఈ వారం అందురూ నన్ను కొత్తల్లుని మాదిరి సూస్తా ఉండారు," అన్నాడు వాడు. "మేస్త్రీ మధ్యాన్నం పని ఆపి పండుకోమంటాడు. వరదమ్మత్త పిలిసి మామిడికాయ ఊరగాయ పెట్టింది. ఆయమ్మ ఒకరికి పెట్టడం నేను పుట్టినాక సూడలా."

ఇఫ్ఫత్ నవ్వబోయి, అత్త మొహం చూసి ఆగిపోయింది. రహిమున్నీసా చేతిలో గరిటె వణికి అన్నం చాప మీద పడింది. ఎండ దెబ్బ తగిలిందేమో అని సర్దుకుని, మెతుకులు ఏరి, మళ్ళీ పెట్టింది. వాడు కడుపునిండా తిన్నాడు. ఆమె మాత్రం కూర్చున్నచోటే కూర్చుండిపోయింది.

మర్నాడు ఎండ బాగా ఎక్కాక ఆమె పని జరిగే చోటికి వెళ్ళింది. అల్తాఫ్ తాపీ పట్టుకుని రాళ్ళ వరస సరిచేస్తున్నాడు. వాడి పక్కన రాళ్ళందించే మనిషికి నీడ ఉంది. సిమెంటు కలిపే ఆడమనిషికి నీడ ఉంది. ఒక కుక్క పోతుంటే దాని నీడ దాని వెంట పోయింది. తన కొడుకు కాళ్ళ దగ్గర మాత్రం ఎండ ఎండగానే ఉంది. తల్లి మనసు నీరైపోయింది. ఆ గోడే వాడి మీద పడుతుందని ఆమెకు ఖాయంగా అనిపించింది. ఎంత ఎత్తు గోడ, వెనకాల ఎంత మన్ను! నిజానికి ఆ గోడ ఇంకా నడుము ఎత్తు కూడా లేవలేదు, అయినా పూర్తయిన గోడ నీడ కట్ట పొడుగునా చెక్కుచెదరకుండా పడి ఉంది. ఆమె దానివైపు చూడనే లేదు. ఆ సమయంలో కొడుకు తప్ప ఆమె కంటికి ఇంకేదీ ఆనలేదు.

చెప్పకూడదు. చెప్తే కుప్పయ్యలా అయిపోతాడు. ఊరకే ఉంటే కాశింవలిలా అయిపోతాడు. ఆమెకు ఒక్క దారే తోచింది. వాణ్ణి ఆ నేల మీద నుంచి పంపెయ్యాలి, మళ్ళీ ఇటు తిరిగి చూడనంత దూరం పంపెయ్యాలి. పనికి పోవద్దంటే వాడు వినడు, ఊరికి పోయి నాలుగు రోజులు ఉండి రమ్మంటే నాలుగు రోజులకు వచ్చేస్తాడు. మనసు విరిగితేనే పోతాడు. ఎక్కడ కొడితే వాడి మనసు విరుగుతుందో కన్నతల్లికి కాక ఇంకెవరికి తెలుస్తుంది?

ఆ మధ్యాహ్నం ఇఫ్ఫత్ మొగుడికి అన్నం క్యారియరు తీసుకుని అక్కడికి వచ్చింది. కూలివాళ్ళందరూ భోజనాలకు కూర్చుని ఉన్నారు. రహిమున్నీసా వాళ్ళందరి ముందూ నిలబడి, గొంతు పెద్దది చేసి కోడల్ని అనకూడని మాట అంది.

"ఈ గొడ్డుదాన్ని ఇంట్లో పెట్టుకోని నేనెన్నాళ్ళు సాకాల? కొత్త ఇంట్లోకి ఇది అడుగు పెడితే ఆ ఇల్లు కూడా ఎండిపోతాది. దీన్ని తీసుకోని యాడికన్నా పో. ఇద్దురూ నా కంటికి కనపడొద్దు."

ఆ మాట నోటినుంచి వస్తుంటే తన నాలుక తనకే అసహ్యమేసింది. ఇఫ్ఫత్ క్యారియరు కింద పెట్టి, చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది. అల్తాఫ్ తాపీ కడిగి రాతిమీద పెట్టాడు. తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. సాయంత్రానికల్లా ఇద్దరూ రెండు సంచులతో నాయుడుపేట బస్సెక్కారు. అక్కడ ఇఫ్ఫత్ అక్క సబియా ఉంది, ఫ్యాక్టరీల దగ్గర బేల్దారి పనికి కొదవ లేదు. బస్సు కదిలిందని తెలిశాక రహిమున్నీసా తలుపేసుకుని, వాడు బతికాడు చాలు, వాడు బతికాడు చాలు అనుకుంటూ ఏడ్చింది.

గోడ వేరేవాళ్ళు పూర్తి చేశారు. ఆ కార్తీకంలో వాయుగుండం పట్టి వాన కుమ్మేసింది. చిత్తూరులో సగం వీధులు మునిగాయి. రహిమున్నీసా గొడుగేసుకుని పోయి కట్ట ఎదురుగా నిలబడింది. గోడ ఇప్పుడు పడుతుంది, ఇంకాసేపటికి పడుతుందని చూసింది. పడాలని కోరుకుంది కూడా, దాచడం దేనికి. కుంట నిండింది, నీళ్ళు అనుకున్న దారిలో మలుపు తిరిగి ఇంకిపోయాయి. గోడకు గీత పడలేదు. మహిత తడిసిన బట్టలతో చప్పట్లు కొట్టింది, కూలివాళ్ళు ఈలలు వేశారు.

ఆమె పక్కనే నిలబడ్డ వరదమ్మ అప్పుడు గానీ నోరు విప్పలేదు. "దయానంద్ సారు గ్యాపకముండాడా అక్కా? గూడ్సాఫీసు క్లార్కు. ఆయప్ప నీడ పోయిందని మనమందురం ఏడ్సి, మార్చి మార్చి విందులు పెట్టినాం. ఆయప్ప సావలా. గుంతకల్లుకు బదిలీ అయి, బాగా బలిసి పోయినాడు. ఈ నేల పోయేది మాత్రం సెప్తాది. ఎట్ల పోయేది సెప్పదు."

రహిమున్నీసాకు అప్పుడు అర్థమైంది. గోడ వల్ల కాదు, తన నోటి వల్ల కొడుకు పోయాడు. నీడ ముందే చెప్పింది ఆ పోకడే. తానే దాన్ని నిజం చేసింది. ఇది తెలిశాక మనిషి పిచ్చెక్కకుండా ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, ఆమె ఇంటికి పోయి, వానకు తడిసిన దూది ఆరబెట్టుకుంది.

ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోను చేసినా అల్తాఫ్ ఎత్తలేదు. నాయుడుపేట సంగతులు సబియా ద్వారా అరకొరగా తెలిసేవి. అక్కడికి పోయిన ఏడాదిలోనే ఇఫ్ఫత్ నీళ్ళోసుకుంది. మగబిడ్డ పుట్టాడు. తండ్రి పోలికంట. రహిమున్నీసా ఆ వార్త విన్న రోజు మెత్తటి బూరుగ దూది ఏరి, మూరెడు పరుపు కుట్టి బస్సులో పంపింది. అందింది అన్నారు. అంతకుమించి ఒక్క మాట రాలేదు.

కొత్త పేట పూర్తయింది. గూటాలు కొట్టిన చోటల్లా మొక్కలు పెరిగి, ముందే వచ్చి కూర్చున్న నీడలకు సరిగ్గా సరిపోయాయి. దూరాల నుంచి జనం బస్సులేసుకుని చూడ్డానికి వచ్చారు. ఊరంతా వేడికి ఉడికిపోతున్నా ఇక్కడ గాలి చల్లగా తిరుగుతోందని ఫోటోలు తీసుకున్నారు. రహిమున్నీసాకు కుంట పక్క ఇల్లే వచ్చింది. కొడుకుకూ కోడలికీ పిల్లలకూ చాలినంత ఇల్లు. అందులో ఆమె ఒక గదిలోనే పడుకునేది, మిగతా గదుల్లో దూది మూటలు పెట్టింది. అంత చల్లదనం ఆమెకు పట్టలేదు.

అలా ఉండగా ఒక పొద్దున వాకిలి తీసేసరికి గడప లోపల చిన్న నీడ కనిపించింది. తలుపు చెక్క పట్టుకుని అప్పుడే నిలబడడం నేర్చిన బిడ్డ నీడ. బొద్దు కాళ్ళు, గుండు తల. ఒళ్ళు ఊగి పడబోయి, మళ్ళీ నిలదొక్కుకుంటోంది. వాకిట్లో చూస్తే ఎవరూ లేరు. రహిమున్నీసా కింద కూర్చుని ఆ నీడను తాకింది. నేల చల్లగా తగిలింది. బిడ్డ వస్తున్నాడు. కొడుకు మనసు కరిగిందన్నమాట. ఆమె లేచి ఇల్లంతా ఊడ్చింది, మూటలు బయట పెట్టించింది, మార్కెట్టుకు పోయి మంచి బియ్యం తెచ్చింది. దారిలో కనబడినవాళ్ళందరికీ చెప్పింది.

మధ్యాహ్నం వరదమ్మ గుడ్డ మూట తీసుకుని వచ్చింది. గడప దగ్గర ఆగి, నీడను తొక్కకుండా పక్కనుంచి లోపలికి వచ్చింది. ఏదో అనబోయి మానుకుంది. గుడ్డ బాగా లేదు, నేత పలచగా ఉంది అని రహిమున్నీసా వంక పెడితే, ఎప్పుడూ వీధి అదిరేలా కొట్లాడే మనిషి, సరేలే అక్కా, వేరేది తెస్తాలే అంది. పోతూ పోతూ రహిమున్నీసా భుజం మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచింది.

చెప్పకూడనిది ఏదో దాచినప్పుడే వరదమ్మ ఇంత మంచిగా ఉంటుందని రహిమున్నీసాకు తట్టింది. ఆమె తిరిగి గడప వైపు చూసింది. బిడ్డ నీడ నిలబడి ఉంది. నడక కూడా రాని బిడ్డ. ఎత్తుకుని వచ్చే తల్లి నీడ ఏది? వెనక సంచి మోసుకొచ్చే తండ్రి నీడ ఏది? బిడ్డకు ఈ పక్కా ఆ పక్కా ఉత్త ఎండ.

వరదమ్మ ఇంకా మెట్లు దిగలేదు. రహిమున్నీసా ఆమె చేతిలో ఫోను లాక్కున్నంత పని చేసింది. తెలియని నంబరు కాబట్టి అల్తాఫ్ ఎత్తాడు. అవతల ఏదో హడావుడిగా ఉంది.

"నేను రా, అమ్మను. పెట్టెయ్యాకు. యాడికన్నా పోతా ఉండారా?"

వాడు పొడిగా చెప్పాడు. కార్వేటినగరంలో దోస్తు పెళ్ళట. తనూ ఇఫ్ఫతూ మోటారు సైకిల్ మీద బయల్దేరుతున్నారట. బిడ్డను సబియా దగ్గర విడిచి పోతున్నారట.

రహిమున్నీసా నోరు కట్టేసుకునే వంశంలో పుట్టింది. వీధిలో ఎవరూ చెయ్యని పని ఆమె అప్పుడు చేసింది. గడప మీద బిడ్డ నీడ ఒక్కటే వచ్చిందని, పక్కన తల్లిదండ్రుల నీడలు లేవని చెప్పింది. ఆ రోజు గోడ దగ్గర వాడికి నీడ లేకపోవడం చెప్పింది. గొడ్డుది అన్న మాట ఎందుకన్నదో చెప్పింది. ఇన్నేళ్ళు దాచింది ఒక్క గుక్కలో చెప్పేసింది. వరదమ్మ చెవులు మూసుకుంది.

"అయిపోయిందా?" అన్నాడు అల్తాఫ్. "అప్పుడేమో గొడ్డుది పోవాల. ఇప్పుడు బిడ్డ పుట్నాడు గాబట్టి నీడలు, కథలు. నాకు నీడ పోయింటే ఆ పొద్దే సెప్పింటావు మా. కన్నతల్లివి, సెప్పకుండా ఎట్లుంటావు?"

వాడు ఫోను ఎవరి చేతికో ఇచ్చేశాడు. చిన్న ఊపిరి వినబడింది.

"అత్తా," అంది ఇఫ్ఫత్. ఆ పిలుపు విని ఎన్నేళ్ళయిందో. "ఆ పొద్దు మీ చెయ్యి వణికింది నేను సూసినా. అన్నం చాప మింద పడింది. నేను నమ్ముతా ఉండా. నేను పోను, బిడ్డ కాడ్నే ఉంటా."

"వాన్ని ఆపు తల్లీ. కాళ్ళు పట్టుకోని అయినా ఆపు."

రహిమున్నీసా ఫోను చెవికి ఆనించుకుని గడప వైపు చూస్తూనే ఉంది. బిడ్డ నీడ పక్కన నేల కొంచెం మసకబారింది. చూస్తుండగానే ఆడమనిషి నీడ ఒకటి వచ్చి నిలబడింది. చున్నీ చివర గాలికి కదులుతోంది. నీడ వంగి బిడ్డ చెయ్యి పట్టుకుంది. వరదమ్మ కూడా చూసింది, చూసి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

బిడ్డకు రెండో పక్క ఎండ అలాగే ఉంది. రహిమున్నీసా ఆ ఎండ వైపు కళ్ళార్పకుండా చూసింది. అవతల ఇఫ్ఫత్ ఏడుస్తూ మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తోంది, వద్దు వద్దు అంటోంది. ఆ ఏడుపు మీదుగా మోటారు సైకిల్ స్టార్టయిన చప్పుడు ఫోనులో స్పష్టంగా వినబడింది.